మేడం హాలుకు నేనల్లిన కార్పెట్

ఆ రోజుల్లో నాకు రాని పని ఈ లోకంలో లేదని నాకు గట్టి నమ్మకం. కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. చేతిలో ఫోను, ఆ ఫోనులో ఎవరో ఒకరు ఎప్పుడూ ఏదో ఒకటి చేసి చూపిస్తూనే ఉండేవారు. చూస్తే చాలు, వచ్చేసినట్టే అనుకునే వయసు. (ఆ వయసు దాటానని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.) అలా ఒకరోజు, మంచు కురిసే దేశంలో ఒకావిడ ఊలుతో క్రోషా అల్లిక అల్లి, దాన్ని వేడినీళ్లలో ముంచి, సబ్బు పట్టించి, అరచేతులతో గంటసేపు రుద్దడం చూశాను. రుద్దుతుంటే కుట్లన్నీ మాయమై, అల్లికంతా మెత్తగా, దళసరిగా ఒకే గుడ్డ అయిపోయింది. దాన్ని ఆవిడ ఇంట్లో కార్పెట్‌లా పరుచుకుంది. నేను నోరు తెరుచుకుని ఆ వీడియో పదిసార్లు చూశాను.

పదకొండోసారి చూసి ఊరుకుంటే ఈ గొడవే లేదు. మా డిపార్ట్‌మెంట్ మేడం మిర్యాలగూడలో ఇల్లు కట్టుకున్నారు. మే నెలలో గృహప్రవేశం. ఎవరేం ఇవ్వాలా అని స్టాఫ్‌రూంలో మాటలు నడుస్తుంటే నా నాలుక ఊరుకోలేదు. "అందరు గోడ గడియారాలు తెస్తరు మేడం, నేను మీ హాలుకు కార్పెట్ చేసి తెస్త, నా చేతులతోని" అన్నాను. మేడం కళ్లజోడు తీసి నన్నే చూశారు. "నిజంగనా? అయితే హాలు మధ్యల నేనేం వెయ్యను. నీ కార్పెట్‌కే ఖాళీగ ఉంచుత" అన్నారు. ఫిజిక్స్ సార్ (మా కాలేజీలో ఎవరి పరువు ఎప్పుడు పోతుందా అని కనిపెట్టుకుని ఉండే మనిషి) "మేమందరం వచ్చి సూస్తం మరి" అన్నాడు. ఉన్నది మూడు వారాలు. ఆ మూడు వారాల్లో ఆ ఖాళీ చోటు నాకు అన్నం ముద్దలో కూడా కనబడేది.

బజారులో ఊలు కొన్నాను, రాణిరంగు, చిలకాకుపచ్చ. రాత్రీ పగలూ అల్లి చాపంత చేశాను. ఆదివారం పొద్దున బకెట్లో వేడినీళ్లు పోసి, సబ్బు పెట్టి రుద్దడం మొదలుపెడితే మధ్యాహ్నానికి నా చేతులు ముడతలు పడ్డాయి గానీ ఊలు మాత్రం ముడతైనా పడలేదు. వేడి చాలలేదేమోనని అన్నం గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాను. మా ఇంటి ఓనరమ్మ కిటికీలోంచి తొంగిచూసి, "ఏంటమ్మాయ్, ఎండాకాలంలో ఊలు ఉడకబెడుతున్నావు, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. ఆమె గొంతులో ఎగతాళి లేదు, నిజమైన ఆందోళన ఉంది. అది ఇంకా అవమానంగా అనిపించింది.

దిక్కుతోచక ఆ తడి మూటను సంచిలో వేసుకుని సూర్యాపేట బస్సెక్కాను. అక్కడ మా అత్తమ్మ ఉంటుంది, మా నాన్నకు అక్క. ఫ్రిజ్ కవర్లు, టీవీ మీద గుడ్డలు, గుమ్మానికి తోరణాలు, ఆ వీధిలో ఆమె క్రోషా సూది తగలని ఇల్లు లేదు. నాకు అల్లిక నేర్పింది కూడా ఆమే. (నా వీడియోల ముందు ఆమె పాతకాలం మనిషి అని నేను అప్పుడు అనుకునేదాన్ని. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.) అత్తమ్మ నా ఏడుపంతా విని, కార్పెట్ అంచున ఎండిన పోగు ఒకటి తెంపి అగ్గిపుల్ల గీసింది. పోగు కరిగి నల్లటి చుక్కయి గట్టిపడింది.

"గిది ఊలు గాదే, ప్లాస్టిక్. గొర్రె ఒంటి మీదికెళ్లి వచ్చిందయితే ఎంటికె కాలిన వాసనొస్తది. నువ్వు బకెట్‌ను ఉడకబెట్టినా గింతే అయితది."

మూడు పూటలు నేను చేసిన యుద్ధం ఒక్క అగ్గిపుల్లతో ఖతం. నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టించి, అసలు ఊలు కోసం అత్తమ్మ నన్ను నేరేడుచర్ల తీసుకుపోయింది. అక్కడి నుంచి షేర్ ఆటోలో ఒక పల్లె. గొర్లు కాసే వాళ్ల ఇంట్లో ఒక అవ్వ వసారాలో కూర్చుని గొంగళ్లకు ఊలు వడుకుతోంది. రాట్నం తిరుగుతుంటే ఆమె వేళ్ల మధ్య నల్లటి పొగలాంటి ఊలు పోగై పారుతోంది. ఆమె మాతో మాట్లాడుతూనే ఉంది, చేతి వైపు చూడనే లేదు, పోగు మాత్రం ఎక్కడా తెగలేదు. నేను అరగంట అలా నిలబడిపోయాను. ఏ ఫోనూ నాకు అలాంటిది చూపించలేదు. "గొంగడికి గాక దేనికి బిడ్డ?" అని అడిగింది. కార్పెట్‌కని చెప్పాను. "గొర్రె వాసన జర ఉంటది మరి" అని నవ్వి ఉండలు చేతిలో పెట్టింది.

బయల్దేరేటప్పుడు అత్తమ్మ ఒక్క ఉండ తన సంచిలో వేసుకుని, "ముందుగాల చెయ్యంత ముక్క అల్లి, నీళ్లల్ల ఏసి సూడు. గది ఎంత గుంజుకుంటదో తెలుస్తది. అటెన్క పెద్దది అల్లు" అంది. నేను సరేనన్నాను. వినలేదు. మొన్నటి ఊలు అంగుళం కూడా తగ్గలేదు కదా, ఇదేం తగ్గుతుందిలే అనుకుని సరిగ్గా నాలుగడుగుల గుండ్రటి కార్పెట్ అల్లేశాను, నలుపూ బూడిదరంగూ చుట్లు చుట్లుగా. వేళ్లు వాచాయి.

గృహప్రవేశానికి ముందురోజు శనివారం, సూర్యాపేటలో అత్తమ్మ వాకిట్లో. బండ మీద కార్పెట్ పరిచి, ఉడుకునీళ్లు పోసి, కుంకుడు రసం చల్లి, అత్తమ్మ అరచేతులు ఆనించింది. మెల్లగా, గుండ్రంగా, పసిపిల్లకు నలుగు పెట్టినట్టు రుద్దింది. కాసేపటికి నా కళ్ల ముందే కుట్ల మధ్య సందులు మూసుకోవడం మొదలైంది. పోగుకు పోగు చెయ్యందించింది. నేనల్లిన వేల కుట్లలో ఒక్కటీ కనబడకుండా, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియకుండా అంతా ఒకటైపోయింది. అంత అద్భుతాన్ని అంత దగ్గరగా నేను అంతకుముందు చూడలేదు.

ఆ అద్భుతం ఆగకపోవడమే నా ప్రాణం మీదికి వచ్చింది. నాలుగడుగులది మూడున్నరయింది, మూడయింది. "అత్తమ్మా, ఆపు, చిన్నగయితుంది" అని మొత్తుకున్నాను. "సగంల ఆపితే పుసుక్కున చిరుగుతది" అని ఆమె రుద్దుతూనే ఉంది. చివరికి రెండున్నర అడుగుల దగ్గర చేతులు దులుపుకుంది. నేను ఒక కొస, ఆమె ఒక కొస పట్టుకుని లాగాం. అది ఒక్క వేలంత కూడా సాగలేదు. హాలు మధ్య పరిచే కార్పెట్ ఒక మనిషి కూర్చునేంత అయింది. నేను బండ మీదే కూలబడ్డాను. అత్తమ్మ మాత్రం దాన్ని ఎండలో ఆరేసి లోపలికి పోయి చాయ్ పెట్టింది.

మిర్యాలగూడలో మేడం మాట మీద నిలబడ్డారు. తెల్లటి మార్బుల్ హాలు మధ్యలో నిజంగానే ఏమీ లేదు. నేను చుట్టి తెచ్చిన కాగితం అందరి ముందూ విప్పారు. ఫిజిక్స్ సార్ వంగి చూసి, "ఇది కార్పెటా, కార్పెట్ పిల్లనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను గోడ గడియారాలు లెక్కపెడుతూ నిలబడ్డాను. (తొమ్మిది.) అంతలో పంతులుగారు వ్రతానికి పిలిచారు. మేడంకు మోకాళ్ల నొప్పులు. గట్టి నేల మీద ఎలా కూర్చోవాలా అని చూస్తున్నవారు, చేతిలో ఉన్నదాన్నే పీట ముందు పరిచి కూర్చున్నారు. వ్రతం, అయిదు కథలూ అయ్యేదాకా కదల్లేదు. లేచాక కిందికి వంగి దాన్ని చేత్తో తడిమి, "ఇంతసేపు కూసున్ననని నా మోకాళ్లకే తెలువలేదు" అన్నారు. పక్కనే చాప మీద నడుం పట్టేసిన వాళ్లాయన, "మరి నాకేది?" అన్నారు. ఫిజిక్స్ సార్ ఆ ఊలును రెండు వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూశాడు. "నువ్వే చేసినవా?" అని మేడం అడిగితే "మా అత్తమ్మ చేసింది మేడం, నేను అల్లిన, అంతే" అన్నాను. అంత నిజం నేను ఆ కాలేజీలో అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ సాయంత్రం సూర్యాపేట వచ్చి అంతా చెప్పాను. దబ్బనం కోసం నేను అత్తమ్మ సూదుల డబ్బా తెరిస్తే అందులో చెయ్యంత నల్లటి ముక్క ఒకటి కనబడింది. దళసరిగా, కుట్లు కనబడకుండా. పక్కనే రెండు దారాలు ముడివేసి ఉన్నాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నీళ్లలో వెయ్యకముందు కొలత, రుద్దిన తర్వాత కొలత.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి నాలుగడుగులదే పట్టుకొస్తే ఎందుకు ఊకున్నవ్?"

అత్తమ్మ తోరణం అల్లుతూ తలెత్తలేదు. "ముందు చెప్పిన, నువ్వు ఇన్లే. ఎన్క యాదిజేద్దామనుకున్న, ఇగ ఒద్దనుకున్న. కార్పెట్ అయితే చెప్పుల కాళ్లతోని తొక్కుతరు. పీటంతది అయితే నెత్తిమీది దేవునికి మొక్కెటప్పుడు కూసుంటరు. గంత కష్టపడ్డవ్, నీ చేతిపని కాళ్ల కింద ఎందుకు పడాలె బిడ్డ?"

ఆమె అల్లిన గుడ్డలు ఎన్ని ఇళ్లలో ఫ్రిజ్‌ల మీద, టీవీల మీద ఉన్నాయో, ఒక్కటి కూడా ఎవరి కాళ్ల కిందా లేదని అప్పుడు గమనించాను.

ఆ చెయ్యంత ముక్కను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా బల్ల మీద చాయ్ కప్పు కింద ఉంటుంది, వాన పడినప్పుడు జర గొర్రె వాసన కూడా వేస్తుంది. ఇప్పటికీ ఏది అల్లినా ముందు ముక్క వేసి చూడను. చూడాలని ప్రతిసారీ అనుకుంటాను. మొన్న ఒక కుషన్ కవర్ టోపీ అయింది. అత్తమ్మకు ఇచ్చాను, చలికాలం పెట్టుకుంటానంది.