మిద్దెమీది సారుకు నేను చెప్పిన స్కోర్లు

ఈరోజు సాయంత్రం అమెరికా నుంచి వీడియో కాల్ వచ్చింది. అప్పుడెప్పుడో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి అమెరికావాళ్లను పట్టుకపోతాంటే, ఫింటాస్‌లో నాకు పనిచ్చిన కఫీల్ ఇంటి మిద్దెమీద దాక్కున్న సార్ చేసినాడు. నేను ఆ ఇంట్లో వంటోణ్ణి.

కింద వీధిలో సిపాయిలు తిరుగుతాంటే, పైన ఈయనకు ప్రాణం కంటే వాళ్ల ఊరి ఫుట్‌బాల్ టీం ముఖ్యం. మన ఫుట్‌బాల్ కాదు, గుడ్డు లాంటి బంతిని చంకలో పెట్టుకొని పరిగెత్తే ఆట. "రేడియోలో స్కోరు చెప్పినారా?" అని వారం వారం అడుగుతాడు. తెలీదంటే అన్నం ముట్టడు. ఇంక చేసేదేముంది, ప్రతి వారం నేనే గెలిపిస్తి. తర్వాత కప్పు కోసం ప్లేఆఫ్స్ ఆడతారన్నాడు, అవీ గెలిపిస్తి. నవంబర్‌లో కప్పు కూడా కొట్టించి, ఇంట్లో మిగిలిన చక్కెరంతా పోసి సేమియా పాయసం చేసి తీసుకపోతి.

ఈరోజు నవ్వుతా చెప్పినాడు: "కప్పు మ్యాచ్ జరిగేది జనవరిలో కదయ్యా!"

"మరి ఆ పొద్దే చెప్పకపోతిరే సార్?"

"చెప్తే పాయసం ఎనక్కి తీసుకపోతావని."

ఇన్నేండ్లూ ఆయన్ను బోల్తా కొట్టించినా అని మురిసిపోతాంటి. మీరే చెప్పండి, ఇప్పుడు ఆ కప్పు ఎవరికియ్యాల?