నా చార్జర్ చేసిన రొద

ఏళ్ల తరబడి ఒక మాట మింగలేక కక్కలేక పాఠాలు చెబుతున్నాను. నా పేరు అడగకండి. వినండి చాలు, ఓదార్చకండి.

హైటెక్ సిటీకి దగ్గర్లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. ఒక ఎలక్ట్రానిక్ వస్తువు పుట్టించే, చెవికి వినపడని విద్యుత్ రొద పక్క వస్తువు పనిని చెడగొట్టకుండా ఎలా చూసుకోవాలో మొదటి మెట్టు నుంచి నేర్పే కోర్సు నాది. తొలిరోజు పాఠం చాలా చిన్నది. సర్క్యూట్ బోర్డును పరీక్షించే ముందు దాన్ని ఆపేసి ఒకసారి కొలవండి. అప్పుడూ కొలిచే మెషీను తెర మీద రొద గీతగా లేస్తే అది బోర్డుది కాదు, గదిది. ఇంతే.

కొన్నేళ్ల కిందట రాయదుర్గం నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. మా పిల్లల బోర్డులు చూసి, పరీక్షలో నెగ్గినవాళ్లలో ఒకరిని హార్డ్‌వేర్ ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. చివరి వంతు మౌనికది. అసలు పేరు అది కాదు. క్లాసంతా కోడింగ్ ఉద్యోగాల వెంట పడుతుంటే, తనకు బోర్డులే కావాలని పట్టుబట్టి కూర్చున్న పిల్ల.

ఆమెకంటే ముందు వచ్చిన ఇద్దరి బోర్డులూ నెగ్గాయి. ఈలోగా నా లాప్‌టాప్ బ్యాటరీ అయిపోతోందని చార్జర్ పెట్టాను. చవగ్గా దొరికిందని కొన్న డూప్లికేట్ సరుకు. మౌనిక బోర్డు ఆన్ చేయగానే తెర మీద ఒక గీత హద్దు దాటి నిటారుగా లేచింది.

"సార్, జర నా బోర్డు బంద్ జేసి చూద్దామా? గప్పుడు గూడ గిట్లనే లేస్తే నాది కాదు గదా," అంది.

నా పాఠం నాకే అప్పజెప్పింది, అదీ కంపెనీ వాళ్ల ముందు. ముందు ఇద్దరికీ అలా చూడలేదు, ఈమెకెందుకు అనుకున్నానా? లేదు, అంత న్యాయంగా ఆలోచించలేదు. ఆ కంపెనీలో సలహాదారుగా చేరాలని నాకు ఆశ. వాళ్ల ఎదుట ఒక విద్యార్థిని నన్ను సరిదిద్దేసరికి ఒళ్లు మండిపోయింది.

"మెషీనుకి నీ మీద పగేం లేదమ్మా," అన్నాను.

అందరూ నవ్వారు. తనూ నవ్వబోయింది, చేతకాలేదు. బోర్డు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

కంపెనీ వాళ్లు కింద క్యాంటీన్‌కి టీకి దిగారు. నేను సామాను సర్దబోతూ తెర వైపు చూశాను. బల్ల మీద బోర్డే లేదు. గీత మాత్రం అలాగే ఉంది. చార్జర్ పీకాను, పడిపోయింది. మళ్లీ పెట్టాను, లేచింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

కిందికి దిగి, పొరపాటు నాది, ఆ అమ్మాయిని మళ్లీ పిలుద్దాం అంటే సరిపోయేది. దిగాను కూడా. వాళ్ల పక్కన కూర్చుని టీ తాగాను. ట్రాఫిక్ గురించి మాట్లాడాను. ఉద్యోగం ఇంకొకరికి పోయింది. సలహాదారు పని నాకు వచ్చింది, ఇప్పటికీ చేస్తున్నాను. ఏటా తొలిరోజు అదే పాఠం చెబుతాను, పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. సిగ్గు లేదా అంటే ఉంది, కానీ నా నోరు తెరిపించేంత లేదు.

ఈమధ్య మెట్రోలో మౌనిక కనిపించింది. ఏదో ఆఫీసులో కస్టమర్ల ఫోన్లెత్తే పనట. బోర్డులు చేయడం లేదా అని అడిగాను. అలా అడగడానికి నాకు నోరెలా వచ్చిందో!

"నాకు హార్డ్‌వేర్ ఏడొస్తది సార్? మీరే చూసిండ్రు గదా," అంది. కోపంగా అని ఉంటే బతికిపోయేవాణ్ణి. ఎంతో గౌరవంగా అంది.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఆమె దిగే స్టేషన్ వచ్చేదాకా తలుపు పైన వెలిగే స్టేషన్ల పేర్లు చదువుతూ నిలబడ్డాను. ఇకముందు చెబుతానా? నా మీద నాకే నమ్మకం లేదు. మీకు చెబుతున్నది కూడా, మీరు నన్ను గుర్తుపట్టలేరన్న ధైర్యంతోనే. ఇంత పిరికితనంలోనూ ఒక్క వాక్యం రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది: మౌనిక బోర్డులో ఆ రోజు ఏ తప్పూ లేదు.