మూడు కన్నాల గడప

ఆ సభలో తీసిన ఫొటో ఇప్పటికీ తలుపుల కంపెనీ ఆఫీసు గోడ మీద ఉంది. అందులో డ్రాయింగు సారు నవ్వుతూ జ్ఞాపిక అందుకుంటున్నారు. ఆయన పక్కన, గాలిలోంచి మొలిచినట్టు, రెండు చేతులు ఒక స్టీలు గడప ముక్కను పట్టుకుని ఉంటాయి. ఆ చేతులు కొలతక్కవి. మిగతా కొలతక్క ఫ్రేములో పట్టలేదు. "అమ్మా, కొంచెం పక్కకి... ఇంకొంచెం... ఆఁ, చేతులు మాత్రం అలాగే ఉంచండి" అన్నాడు ఫొటో తీసేవాడు. ఆవిడ బుద్ధిగా అలాగే ఉంచింది.

ఎత్తు తక్కువగా ఉంటూనే నీళ్ళను లోపలికి రానివ్వని ఆ గడపను ఊహించిందీ, రేకు మడిచి చేసిందీ, మూడేళ్ళ పాటు చెడగొట్టి మళ్ళీ మళ్ళీ మడిచిందీ ఆవిడే. జ్ఞాపిక మీద పేరు మాత్రం డ్రాయింగు సారుది. ఆయన యజమానికి అల్లుడు. అల్లుడికి ఏదో ఒక ఘనత కట్టబెట్టాలి కదా! తలుపుల కంపెనీలో ఇంకేముంటుంది, గడప ఘనతే కట్టబెట్టారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంగతి చెబితే అత్త కళ్ళజోడు పైకెత్తి చూసింది.

"అంతా అయ్యేదాకా నువ్వేం చేశావే?"

"ఏం చేస్తాను అత్తయ్యా, అందరితో పాటు చప్పట్లు కొట్టాను."

"చేతుల్లో గడప పెట్టుకుని చప్పట్లు ఎలా కొట్టావే?"

కొలతక్క తన చేతులు చూసుకుంది. "నిజమే. కొట్టలేదు."

ఆ కొట్టని చప్పట్లే ఆ రోజు ఆమె చేసిన మొత్తం నిరసన. అదీ తెలియక చేసింది.

కొలతక్క అనే పేరు కంపెనీ షెడ్డులో వాళ్ళు పెట్టింది. ఇరవై ఏళ్ళుగా రేకులు మడిచే మిషను మీద పని. నడుముకు ఎప్పుడూ టేపు ఉంటుంది. బస్సు మెట్టు ఎత్తెంతో, ఆసుపత్రి బల్ల వెడల్పెంతో అడిగితే చెబుతుంది. అడక్కపోయినా చెబుతుంది. ఆమెకు ఇష్టం లేని కొలత ప్రపంచంలో ఒక్కటే. ఆరంగుళాలు. తమ ఇంటి గుమ్మానికి అడ్డంగా హౌసింగు ఆఫీసు వాళ్ళు కట్టించిన సిమెంటు దిమ్మ ఎత్తు అది.

వాళ్ళుండేది కింది అంతస్తు వరసలో. పొడుగాటి వరండా, దాని మీదికి తెరుచుకునే ఇరవై నాలుగు తలుపులు. ఏటవాలు జల్లు పడితే చాలు, వరండాలో పారే నీళ్ళు తలుపుల కింద నుంచి నేరుగా పడకల దాకా వచ్చేవి. జనం మొరపెట్టుకుంటే ఆఫీసు వాళ్ళు ఇరవై నాలుగు గుమ్మాలకూ ఆరంగుళాల దిమ్మలు కట్టి చేతులు దులుపుకున్నారు. నీళ్ళు ఆగాయి. అత్త కూడా ఆగిపోయింది.

అత్త ఒకప్పుడు బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ఈ కొసనుంచి ఆ కొసకు దూసుకుపోయిన మనిషి. జబ్బు చేసి కాళ్ళు పడిపోయాక చక్రాల కుర్చీకి వచ్చింది. దిమ్మ దాటించాలంటే ముందొకరు, వెనకొకరు పట్టుకుని ఎత్తాలి. కొడుకు ఓడరేవులో క్రేను నడుపుతాడు, అతనికి షిఫ్టులు. కోడలికి షెడ్డు. ఇంట్లో ఇద్దరూ ఒకేసారి ఉంటేనే ఆవిడకు వీధి. వారంలో అది ఒక్కపూట.

"నీళ్ళని ఆపండ్రా అంటే నన్ను ఆపారు. నేనేమన్నా తలుపు కింద నుంచి కారుతున్నానా?" అనేది అత్త.

ఆ మాట కోడలికి లోపల ఎక్కడో గుచ్చుకుంది. మధ్యాహ్నం అన్నాల వేళ, మిగతావాళ్ళు కునుకు తీస్తుంటే, తుక్కు రేకులు ఏరుకుని గడపలు మడవడం మొదలుపెట్టింది. ఎత్తు తగ్గిస్తే నీళ్ళొచ్చాయి. తలుపు అడుగున రబ్బరు పట్టీ బిగిస్తే మామూలు వానకు ఆగాయి, గాలివానకు దాన్ని కూడా నెట్టుకుని వచ్చాయి. రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు గిన్నెలు తోముతూ, సబ్బుపెట్టె అడుగున ఉన్న కన్నాల్ని చూస్తూ అలాగే ఉండిపోయింది. సబ్బు మీద నీళ్ళు పడకుండా ఎవరూ ఆపలేరు. పడ్డ నీళ్ళు నిలవకుండా చూస్తారు, అంతే.

"అత్తయ్యా, నీళ్ళని అసలు రానివ్వకూడదనుకోవడమే తప్పు. గడప మధ్యలో గాడి పెట్టి, అందులో పడనిచ్చి, బయటివైపున్న కన్నాల్లోంచి అటే పంపెయ్యాలి."

"అంటే గుమ్మంలోనే పలకరించి, లోపలికి రమ్మనకుండా సాగనంపడం. మా తమ్ముడొచ్చినప్పుడల్లా నువ్వు చేసే మర్యాదేగా అది! దానికి రెండేళ్ళు ఆలోచించావా?"

ఇంకో ఏడాదికి గడప కుదిరింది. ఎత్తు అర అంగుళమే. చక్రం సులువుగా ఎక్కి దిగేలా రెండువైపులా వాలు. తలుపుకు సరిగ్గా కింద గాడి. గాడి బయటి గోడకు మూడు కన్నాలు. వీధి వీధంతా మునిగితే ఏ గడపా ఏమీ చెయ్యలేదని కొలతక్కే చెబుతుంది. జల్లుకూ, వరండాలో పారే నీళ్ళకూ మాత్రం ఇది చాలు. మొగుడు సుత్తితో దిమ్మ పగలగొట్టాడు, ఆమె గడప బిగించింది. అత్త తన చక్రాలు తానే తిప్పుకుని, "రైట్ రైట్!" అని అరుచుకుంటూ వరండా దాటి, వీధి చివర పేపర్ల కొట్టు దాకా వెళ్ళింది. తిరిగి రావడానికి మూడు గంటలు పట్టింది. దూరమెక్కువై కాదు, పోగుపడిన మాటలెక్కువై.

ఆ షెడ్డులో ఒక రివాజుంది. ఏ కొత్త నమూనా చేసినా, ఒక ముక్క కోసి, దానికి కన్నం పొడిచి, గోడ మీది మేకుకు తగిలించాలి. కొలతక్క తన గడప ముక్కకు వేరే కన్నం పొడవలేదు. ఉన్న మూడింట్లో నడిమిదాన్నే మేకుకు తగిలించింది. ఆవిడ చేసిన పొరపాటు అదొక్కటే.

ఏడాది తర్వాత డ్రాయింగు సారు కన్ను ఆ ముక్క మీద పడింది. దించి, కొలిచి, కంప్యూటర్లో బొమ్మ గీశారు. నమూనా ముక్కల కన్నాలు మేకు కోసమేనని ఆయనకు అల్లుడైన మొదటి వారంలోనే తెలిసిపోయింది. కాబట్టి ఎప్పటిలాగే వాటిని వదిలేశారు. పైగా, నీళ్ళు ఆపే వస్తువుకు కన్నాలు ఎవరు పెడతారు? తెలివైన మనిషి ఎవరైనా అలాగే అనుకుంటాడు. తెలివి సరిపోనప్పుడు అడగాలి. అడగాల్సిన మనిషి పది అడుగుల దూరంలో రేకు మడుస్తూనే ఉంది.

ఆ బొమ్మకే జ్ఞాపిక వచ్చింది. జ్ఞాపిక చూసి హౌసింగు ఆఫీసు మిగిలిన ఇరవై మూడు గుమ్మాలకూ అవే గడపలు కావాలంది. పని కొలతక్క మిషను మీదికే వచ్చింది. కాగితం చూసి ఆమె ఫోర్‌మన్ దగ్గరికి పరిగెత్తింది.

"కన్నాలేవి?"

"డ్రాయింగులో లేవు అక్కా."

"ఉండాలి కదా!"

"నువ్వు ఉండాలంటే ఉండవు. డ్రాయింగు ఉండాలంటే ఉంటాయి. వెళ్ళి సారునడుగు."

వెళ్ళి అడిగింది. సారు ఓపిగ్గా నవ్వారు. "అవి మేకు కన్నాలమ్మా. అయినా డిజైనులో మార్పు కావాలంటే పద్ధతుంది. ఫారం నింపి, డిజైన్ చేసినవాళ్ళ సంతకంతో పెట్టాలి."

డిజైన్ చేసినావిడ ఆ ఫారం తిరగేసి చూసింది. డిజైన్ చేసినవాళ్ళ సంతకం అన్నచోట సారు పేరు ముందే అచ్చు వేసి ఉంది. తను చేసినదాన్ని సరిదిద్దే హక్కు తనకు లేకపోవడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఆమె చేసే పనే చేసింది. వెనక్కొచ్చి, నోరు మూసుకుని, ఇరవై మూడు గడపలూ కన్నాలు లేకుండా మడిచింది. ఆ తప్పులో తనకూ వాటా ఉందని ఆమె ఇప్పటికీ అంటుంది. ఈ కథ చెబుతున్న నేను మాత్రం అనను. ఇరవై ఏళ్ళు ఒక మనిషి నోరు నొక్కి, చివరికి నువ్వెందుకు మాట్లాడలేదని అడగడం మనకు బాగా అలవాటైన న్యాయం.

దిమ్మలు తీసి ఆ గడపలు బిగించాక మొదటి గట్టి వాన పట్టపగలే వచ్చింది. ఇరవై మూడు గాడులూ నిండి, బయటికి దారి లేక, లోపలికి పొర్లాయి. కొలతక్క ఇల్లు ఒక్కటే పొడిగా ఉంది. కంపెనీ నివేదిక రెండు రోజుల్లో తయారైంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బిగించినవాళ్ళు సరిగా బిగించలేదని రాశారు. తడవని ఇంటి గురించి కూడా ఒక వాక్యం రాశారు: ఆ మూలకు వాన తగలలేదట.

హౌసింగు ఆఫీసు వాళ్ళు ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం. తక్కువ ఎత్తు గడపలు పనికిరావని తేల్చేశారు. వచ్చే సోమవారం ఇరవై నాలుగూ పీకేసి, మళ్ళీ ఆరంగుళాల దిమ్మలు కడతామని తలుపు తలుపుకూ నోటీసు అంటించారు. ఇరవై నాలుగు. వరసంతా ఒకేలా ఉండాలి కదా!

అత్త నోటీసు చదివింది. మడిచి ఒళ్ళో పెట్టుకుంది. కుర్చీని వెనక్కి తిప్పి, కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ కిటికీ నుంచి వీధికి ఎంత దూరమో కొలతక్క కొలవలేకపోయింది. మర్నాడు షెడ్డులో ఫోర్‌మన్ ముందు నిలబడింది.

"ఆదివారానికి డ్రిల్లు కావాలి."

"నేనివ్వలేను అక్కా, నా ఉద్యోగం పోతుంది." అతను ఇటూ అటూ చూశాడు. "ఆ మూల బీరువాలో ఉంటుంది. చార్జింగు నిండుగా ఉంటుంది. పక్కనే సన్న బిట్టు కూడా ఉంటుంది. నేను మాత్రం ఏమీ చూడలేదు."

ఆదివారం మొదటి తలుపు దగ్గరే అడ్డు పడింది. పక్కింటి టైలరు రెండు చేతులూ గుమ్మానికి చాచి నిలబడ్డాడు.

"నీళ్ళొస్తున్నాయి మొర్రో అంటే కన్నాలు పొడుస్తానంటావేంటి అక్కా! ఇప్పుడు చెంబెడు వస్తే అప్పుడు బిందెడు వస్తాయి."

అత్త కుర్చీ ముందుకు ఉరికింది. "ఒరేయ్, సూది బెజ్జంలోంచి లోకాన్ని చూసేవాడివి, నీకూ కన్నం విలువ తెలీదా? లోపల్నుంచి చెంబెడు నీళ్ళు తీసుకురా. పొడవక ముందు సగం పొయ్యి, పొడిచాక సగం పొయ్యి. ఆ తర్వాత మాట్లాడు."

ముందు పోసిన సగం అతని గదిలోకి వెళ్ళింది. తర్వాత పోసిన సగం మూడు సన్నని ధారలుగా వరండాలోకి కారి, అతని పాదాల మీద పడింది. టైలరు వంగి కాసేపు చూశాడు. చూసి, "పెద్దమ్మా, తరవాతి ఇంటికి తాళం ఉంది. పొలిమేర దాకా పోయినా సరే, వాణ్ణి పట్టుకొస్తా," అని చెప్పులు వేసుకున్నాడు. పొద్దు వాలేలోగా ఇరవై మూడు గుమ్మాలకు అరవై తొమ్మిది కన్నాలు. ప్రతి మూడో కన్నానికీ వెనక నుంచి "రైట్!" అని కేక.

సోమవారం హౌసింగు ఆఫీసు ఇన్‌స్పెక్టరు సిమెంటు బస్తాలతో వచ్చాడు. మంచివాడే. పైపు పెట్టి నీళ్ళు కొట్టమంటే తనే నిలబడి కొట్టించాడు. ఒక తలుపు, పది తలుపులు, ఇరవై నాలుగు. ఒక్క గదిలోకీ చుక్క పోలేదు. ఆయన నుదురు తుడుచుకున్నాడు.

"నీళ్ళు రావడం లేదు. కానీ రిపోర్టు ప్రకారం వస్తున్నాయే! ఈ కన్నాలు ఎవరు పెట్టారు?"

"నేనే," అంది కొలతక్క.

"మీరెవరు?"

ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు. "ఈ గడప చేసిందాన్ని."

"డ్రాయింగులో వేరే పేరుంది కదమ్మా."

"అయితే ఆయన్నే పిలిచి అడగండి బాబూ. గాడిలో పడ్డ నీళ్ళు ఎటు పోవాలో."

ఇన్‌స్పెక్టరు అక్కడే ఫోను చేసి అడిగాడు. గాడిలో నీళ్ళు పడకూడదని డ్రాయింగు సారు సెలవిచ్చారు.

పని ఆ పూటకు ఆగింది, రద్దు కాలేదు. మంజూరైన డ్రాయింగులో కన్నాలు లేవు కాబట్టి కన్నాలున్న గడపలు మంజూరైనవి కావట. డ్రాయింగు మార్చాలంటే డిజైన్ చేసినవాళ్ళ సంతకం కావాలట. ఆయన సంతకం పెట్టరు. పెడితే మేకు సంగతి బయటపడుతుంది. సిమెంటు బస్తాలు వరండాలోనే ఉన్నాయి. కంపెనీ కొలతక్కకు మెమో ఇచ్చింది: నీళ్ళు ఆపు వస్తువుకు ఉద్దేశపూర్వకంగా చిల్లులు పెట్టుట. ఆమె జవాబు తనే రాసింది. ఒక్క పేజీ. అందులో సగం కొలతలే.

నెలాఖరు దాకా అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకుంటామని హౌసింగు ఆఫీసు గోడకు కాగితం అంటించింది. వరసలోని ఇరవై నాలుగిళ్ళ వాళ్ళూ రాశారు. ఇరవై నాలుగు ఉత్తరాలను ఏ ఆఫీసైనా ఒక సొరుగులో మూసెయ్యగలదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరూ రాయండి. రెండే ముక్కలు: గడపలు పీకకండి, డ్రాయింగులో కన్నాలు చేర్చి, చేసినావిడ పేరు రాయండి. రాసి, మీరు రోజూ వెళ్ళే బ్యాంకుకో, బడికో, ఆసుపత్రికో ఒక టేపు పట్టుకెళ్ళండి. గుమ్మం దగ్గర వంగి ఎత్తు కొలవండి. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషిని ఎవరూ ఎత్తకుండా లోపలికి వెళ్ళనిచ్చేలా లేకపోతే, ఆ కొలత ఇంకో ఉత్తరంలో రాసి, అక్కడి అధికారి చేతికిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.