పిండిమర దగ్గర ఆగిన కారు

2019 డిసెంబరులో, కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ కారులో మా ఆయన, నేను, ఐదేళ్ల పాప విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఘాటీ ఎక్కడానికి బయలుదేరాం. పొద్దున్నే దట్టంగా మంచు. హీటర్ వేస్తే చార్జింగ్ తగ్గిపోతుందని ఆయన వేయనివ్వలేదు. వెనక సీట్లో నా ఒళ్లో పాప జలుబుతో వణుకుతోంది. రెండుసార్లు అడిగితే కసురుకున్నాడు. ఇక అడగడం మానేసి పాపకి నా కొంగు కప్పాను.

సాలూరు ఇంకా రాకముందే ఒక పల్లెలో పిండిమర కనిపించింది. పెద్ద మోటారు నడిచే కరెంటు ఉంటుంది కదా అని ఆయన చార్జింగ్ పెట్టుకోనిమ్మంటే, మర ఆడిస్తున్న ఆవిడ సరేనంది. చుట్టూ చేరినవాళ్లకి ఆయన కారు గొప్పలు చెబుతున్నాడు. ఆవిడ పాప చేతులు పట్టుకుని చూసింది.

"సేతులింత సల్లగున్నాయేటి? కారులో యేడి లేదా?"

"ఉందమ్మా. వేస్తే చార్జింగ్ అయిపోతుంది," అని నవ్వాడు ఆయన.

ఆవిడ తన దుప్పటి తెచ్చి పాపకి చుట్టింది. "కారు ఎవులి కోసం కొన్నావు బాబూ?" అని ఆయన్ని అడిగి, జవాబు కోసం ఆగకుండా నావైపు తిరిగింది.

"నువ్వేటి సూస్తన్నావమ్మా? నీకు నోరు లేదేటి?"

తల కొట్టేసినట్టయింది. మళ్లీ బయలుదేరేటప్పుడు పాపని తీసుకుని ముందు సీట్లో కూర్చుని హీటర్ వేశాను. ఆయన కట్టేయబోయాడు.

"చెయ్యి తియ్యి. కారు ఆగిపోతే ఆగిపోనీ!" అని అరిచాను.

పెళ్లయ్యాక ఆయన మీద గొంతెత్తడం అదే మొదలు. అందుకు ఒక పరాయి మనిషి చేత మాటపడాల్సి వచ్చిందని తలుచుకుంటే, ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.