పూతరేకు పొట్లంతో ఎగిరిన మా రాకెట్

మా చిన్నప్పుడు... ఆత్రేయపురంలో మా ఇంటి పెరట్లో, నేనూ మా చెల్లి రాణీ రోజూ బడి నుంచి రాగానే రాకెట్ ఎగరేసేవాళ్లం. ఎగరేసేవాళ్లం అంటే... అది నేల మీదే ఉండేది, మేమే గెంతేవాళ్లం!

ఫోటో స్టూడియో ఆయన పారేసిన ఫిల్మ్ రోలు డబ్బా మా రాకెట్. అందులో నిమ్మరసం పోసి, వంటసోడా వేసి, మూత నొక్కి, తలకిందులుగా నిలబెట్టి పరుగెత్తాలి. లోపల గాలి నిండి మూత ఊడుతుంది, డబ్బా పైకి లేస్తుంది... ఇది మా సైన్సు మాస్టారు చెప్పిన పద్ధతి.

చెప్పినంత తేలికా? సోడా పడీ పడగానే బుస్సుమని పొంగిపోయేది. మూత పెట్టేలోపు అంతా నా గౌను మీదే! పోనీ అని సోడాను నోటుబుక్కు కాగితంలో పొట్లం కట్టి వేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఎవరి రాకెట్ మన బడి పెంకులు దాటితే వాళ్లని రావులపాలెం సైన్సు ఫెయిర్‌కి తీసుకెళ్తాను" అన్నారు మాస్టారు. నేనాగుతానా... నేనే వెళ్తున్నానని క్లాసంతా చాటేశాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

రాకెట్ ఎంత తేలికైతే అంత పైకి వెళ్తుందని కూడా మాస్టారే చెప్పారు. మా ఇంట్లో అన్నిటికన్నా తేలికైన వస్తువు ఏంటి? పూతరేకు! అమ్మ రోజంతా చేసే పని అదే. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట... పల్చటి గుడ్డను బియ్యప్పిండి జావలో ముంచి కుండ మీద ఇలా పరిస్తే చాలు, గాలికి ఎగిరిపోయే రేకు వచ్చేసేది.

అమ్మ అటు తిరగ్గానే నాలుగు రేకులు లాగేశాను. డబ్బా చుట్టూ చుట్టి, పైన మొన చేసి పెట్టాను. అబ్బ... ఎంత అందంగా ఉందో! తెల్లగా, నిజం రాకెట్‌లాగే ఉంది. రాణి అయితే చప్పట్లు ఆపలేదు.

సోడా వేశాను. బుస్సుమని పొంగింది... నా రాకెట్ నా చేతుల్లోనే గుజ్జయిపోయింది. రేపే బడిలో రాకెట్ల పరీక్ష. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

అంతలో అమ్మ వచ్చింది. "ఒసేయ్, రేకులు చేసే ఇంట్లో పుట్టి తడిచేత్తో రేకు ముట్టుకుంటావటే? నీళ్లు తగిలితే చిటికెలో కరిగిపోద్దని తెలీదూ?"

ఏడుస్తున్నదాన్ని అలాగే ఆగిపోయాను. చిటికెలో కరిగిపోద్ది! కాగితం కరగదు... రేకు కరుగుతుంది! మూత నొక్కడానికి నాకు కావాల్సింది ఆ చిటికె సేపే కదా!

"అమ్మా, సోడా రేకులో చుట్టవే! ఒక్కటంటే ఒక్కటే!"

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఏమనుకుందో మరి, చేతులు తుడుచుకుని, చక్కెర పెట్టి మడతపెట్టినంత ఒడుపుగా సోడాను చిన్న పొట్లం చేసి ఇచ్చింది. డబ్బాలో వేశాను, మూత నొక్కాను, బోర్లించాను... పరుగు!

ఒకటి... రెండు... మూడు... ఠాప్!

వంటపాక దాటి ఎగిరింది! కుండ మీద రేకు మాడుతున్నా అమ్మ నోరు తెరుచుకుని ఆకాశంలోకే చూస్తూ ఉండిపోయింది. ఒక్క రేకు చినిగితేనే ఊరుకోని మనిషి ఆవిడ.

మర్నాడు అమ్మ కట్టిచ్చిన మూడు పొట్లాలతో బడికి వెళ్లాను. భయానికి అరచేతుల్లో చెమట... మొదటిది వేళ్లకే అతుక్కుపోయింది. రెండోదీ అంతే. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. మూడోది నేను ముట్టుకోలేదు. చూడ్డానికొచ్చి నా పక్కనే నిలబడ్డ చెల్లితో "నువ్వు వెయ్యవే రాణీ" అన్నాను. అది పొడి చేత్తో మెల్లగా జారవిడిచింది, నేను మూత నొక్కాను.

ఠాప్! పెంకులు దాటి అవతల ఎక్కడో పడింది. నేను అరిచిన అరుపుకి పక్క క్లాసు కూడా బయటికొచ్చేసింది!

రావులపాలెంలో ఒక పెద్దాయన "ఇదేం కాగితమమ్మా?" అని అడిగారు. "కాగితం కాదండి, మా అమ్మ చేసిన పూతరేకండి" అన్నాను. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని నవ్వారు. బహుమతి రాలేదు. ఇంటికి రాగానే అమ్మ బహుమతి సంగతే ఎత్తలేదు... "నా రేకని చెప్పావా?" అని మాత్రం అడిగింది. చెప్పానన్నాను. ఆ రోజంతా వచ్చినవాళ్లందరికీ అదే కథ చెప్పింది!

మొన్న మా అమ్మాయికి ఆన్‌లైన్‌లో రాకెట్ కిట్ తెప్పించాను. కొలత ప్రకారం అన్నీ పెట్టెలోనే ఉన్నాయి. మొదటిసారే ఎగిరింది. నేను సంబరంగా "ఇంకోసారి?" అన్నాను. "ఎగిరింది కదమ్మా" అని లోపలికి వెళ్లిపోయింది. పాపం... పాడుచేసుకునే అదృష్టం కూడా ఇవ్వలేదు ఆ పెట్టె.

మరి మీరు అమ్మకి తెలియకుండా ఏం లాగేశారు? ఏం కనిపెట్టారు? ముందు మీరు తిన్న తిట్ల దగ్గర మొదలుపెట్టి చెప్పండి...