ఏడుగురే ఆడిన చలికాలం

ఆట జరుగుతున్నంతసేపూ మార్లిస్ ఎంగెన్ ఒక్కచోట కూర్చునేది కాదు. కోర్టు అంచు గీత పక్కనే అటూ ఇటూ తిరుగుతూ, కప్పులోంచి ఐసుముక్కలు నోట్లో వేసుకుని పటపట నమిలేది. సౌత్ డకోటాలోని ఆ చిన్న కాలేజీకి అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచ్‌గా వచ్చిన కొత్తలో, ప్రతి ఆటలోనూ జట్టులోని పదిమందినీ ఆడించింది. తాను చదువుకున్న రోజుల్లో ఆడే వంతు రాక నాలుగేళ్లూ బెంచీ మీదే గడిపింది మరి. నా జట్టులో ఎవరికీ ఆ గతి పట్టదని తల్లుల ముందు మాటిచ్చి మరీ పిల్లల్ని చేర్చుకుంది.

జనవరికల్లా జట్టు వరసగా ఓడుతోంది. ఆడ్రా లాంటి ఊపులో ఉన్న పిల్లను బయటికి పిలవగానే అవతలివాళ్లు పుంజుకునేవారు. సహాయ కోచ్ డ్వేన్ ముసలాయన. బస్సులో పక్కన చేరి గొణిగేవాడు.

"ఆడ్రాని ఎందుకు తీశావ్? చేతిలోకొచ్చిన ఆట!"

"అలిసిపోయింది డ్వేన్."

"దానికేం అలుపు? నీకే కుదురు లేదు."

ఆ మాట బాగా గుచ్చుకుంది. తర్వాతి ఆట నుంచి బాగా ఆడే ఏడుగురే ఆడారు. గెలుపు మొదలైంది. పెట్రోలు బంకులో కూడా జనం ఆపి చేయి కలిపారు. అయినా ఆమె మనసు నిలవలేదు. సాధనకు వచ్చే మిగతా ముగ్గురూ నవ్వడం మానేశారు.

వాళ్లలో జోలీన్ అనే పొడుగాటి పిల్ల ఒకరోజు ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

"కోచ్, నేనేం తప్పు చేశానో చెప్తే దిద్దుకుంటా."

"నీ తప్పేం లేదు."

"ఉంటే బావుండేది. లేనిదాన్ని ఎలా దిద్దుకోను?"

"సిద్ధంగా ఉండు. నీ వంతొస్తుంది" అంది మార్లిస్. తన పాత కోచ్ కూడా సరిగ్గా ఈ మాటే అనేవాడని గుర్తొచ్చి ఆమె చెవులు వేడెక్కాయి.

మార్చిలో టోర్నమెంట్ ఫైనల్. వరసగా మూడో రోజు ఆట. ఆడ్రా కాళ్లలో సత్తువ లేదు, వేసిన బంతల్లా రింగుకు ముందే పడిపోతోంది. ఇద్దరు ఐదేసి ఫౌళ్లు చేసి బయటికొచ్చేశారు. కాసేపటికే ఆడ్రాకు పిక్క పట్టేసింది. మార్లిస్ బెంచీ చివరికి పరిగెత్తింది.

"జోలీన్, పద!"

"నేనా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఒంటిమీద జాకెట్ కూడా తీయలేదు. వారాల తరబడి ఆడని చేతుల్లోంచి మొదటి బంతి జారిపోయింది. తర్వాత తేరుకుని గట్టిగానే పోరాడింది గాని, అప్పటికే ఆట చేయి దాటింది.

తిరుగు బస్సులో పిజ్జా పెట్టెలు ఎవరూ తెరవలేదు. మార్లిస్ వెళ్లి జోలీన్ పక్కన కూర్చుంది.

"నిన్ను ఆడించకుండా చల్లార్చేశాను. తప్పు నాదే."

"తెలుసు కోచ్. వచ్చే ఏడు ఇంటి దగ్గరి కాలేజీకి మారిపోతున్నా."

"ఉండిపో. వచ్చే ఏడు నిన్ను..."

"వద్దు కోచ్, ఇంకో మాటివ్వకండి."

జోలీన్ అన్నట్టే వెళ్లిపోయింది. ఆ పై ఏడాది మార్లిస్ ప్రతి ఆటలోనూ మొదటి సగంలో తొమ్మిదిమందిని కోర్టులోకి దించింది. రెండో సగంలో బాగా ఆడుతున్నవాళ్లను ఉంచేసింది. డ్వేన్ గొణుగుడు ఆగలేదు. సగం ఆటలు గెలిచారు, సగం ఓడారు. ఓడిన రోజున కూడా, ఆటలోకి పిలిస్తే జట్టులో ఏ పిల్లా "నేనా?" అని అడగలేదు.