నాలుగో సాలు గులాబీలు

కృష్ణగిరి జిల్లా తళి దగ్గర గులాబీ తోటలో లెక్కలు రాసే ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నాకు అక్కడ ఒక్కటే నచ్చింది, మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పే వేళ. మాది గుడివాడ. కబుర్లంటే చెవి కోసుకుంటాను. ఆ కబుర్లన్నిటికీ పెద్ద దిక్కు కెంపమ్మ.

కెంపమ్మ పూలు కోసే ఆడవాళ్లకు మేస్త్రి. ముగ్గురు కోడళ్ల కాన్పులకూ సర్కారు ఆసుపత్రిలో తనే కాపలా ఉంది. ఊరికే కూర్చోవడం చేతకాదు కాబట్టి అక్కడి నర్సమ్మను ప్రశ్నలతో పీడించి చాలా సంగతులు తెలుసుకుంది. తెలిసింది దాచుకోవడం కూడా ఆవిడకు చేతకాదు. ప్లస్ టూ అయిపోయి పనికి వచ్చిన అమ్మాయిలు కన్నతల్లిని అడగలేనివన్నీ ఈవిడను అడిగేవారు.

"కెంపక్కా, ముద్దు పెట్టుకుంటే కడుపొస్తుందా?" అంది చిత్ర ఒకరోజు, ఎవరో స్నేహితురాలి కోసం అడుగుతున్నట్టు మొహం పెట్టి.

"అట్లయితే మనవళ్లను ముద్దాడే అవ్వలందరికీ కాన్పులు చేయాల. రాదు, పో."

"మొదటిసారికి రాదంట కదా?"

"మొదటిసారని కడుపుకు ఎవరు చెప్తారమ్మా? వస్తుంది. అట్ల రాదని చెప్పేవాడుంటే వాని మాట వినొద్దు. నిరోధ్ వాడితే కడుపు రాకుండా కాస్తుంది, రోగాలు అంటకుండా కాస్తుంది. అయినా అదంతా నీకు ఇష్టముంటే కదా. వద్దనిపిస్తే వద్దనే చెప్పాల."

"నెల తప్పితే కడుపేనా?"

"తిండి సరిగ్గా తినకపోయినా, దిగులు పెట్టుకున్నా వెనకాముందు అవుతుంది. మగోనితో కలిసుంటే మాత్రం ఊహించుకుంటా కూర్చోవద్దు, పరీక్ష చేసుకో. బొప్పాయనీ, ఆకు పసరనీ మింగొద్దు. డాక్టరు దగ్గరికి పో."

తెలియనిది అడిగితే "నాకు తెలీదు, నర్సమ్మ నడిగి చెప్తా" అనేది. అడిగి వచ్చి చెప్పేది కూడా. నిజం చెప్పొద్దూ, చదువుకున్నదాన్ని నాకే అక్కడ రెండు మూడు అపోహలు వదిలాయి.

ఇంత తెలివిగల మనిషీ ఒక్కచోట మాత్రం మొండికేసేది. నెలసరి వచ్చిన ఆడది గులాబీలు పెంచే ప్లాస్టిక్ కప్పు షెడ్డులోకి అడుగు పెట్టకూడదు. పెడితే మొక్కలకు బూజు తెగులు వస్తుంది. ఇది ఆ తోట ఆచారం, దానికి కావలి కెంపమ్మ. ఆ మూడు రోజులూ షెడ్డు బయట బెంచీ మీద కూర్చుని పూల అట్టపెట్టెలు మడవాలి. "ఇది కూడా నర్సమ్మ చెప్పిందా?" అని నేనోసారి గిల్లితే, "మా అత్త చెప్పింది. నర్సమ్మకు గులాబీల సంగతి ఏం తెలుసు?" అని నా నోరు మూయించింది.

ఆ బెంచీ ఎదురుగానే పూలు తీసుకెళ్లే వ్యాను ఆగుతుంది. నడిపే మునిరాజ్‌కు మా అమ్మాయిల నెలలన్నీ పంచాంగంలా కంఠస్థం. బెంచీ మీద ఎవరుంటే వాళ్లను చూసి, "ఏమ్మా, ఈ పొద్దు నీ వంతా?" అనేవాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. మీనాకైతే ఏడుపొచ్చేది.

మీనా మంజులమ్మ కూతురు. తల్లీకూతుళ్లు ఇద్దరూ ఇక్కడే పని. పద్దెనిమిదేళ్ల ఆ పిల్లకు కృష్ణగిరిలో నర్సింగులో సీటు వచ్చింది. వచ్చే వారమే చేరాలి. సరిగ్గా అప్పుడే మునిరాజ్ నోరు విప్పాడు, ఈ నెల మీనా బెంచీ మీద కూర్చోలేదని. డ్రిప్పు పైపులు బాగుచేసే కుమారేశన్‌తో ఆ పిల్ల నవ్వుతూ మాట్లాడటం ఎవరో చూశారు. ఇక చెప్పాలా? సాయంత్రానికి మీనాకు కడుపు చేసేశారు మావాళ్లు.

మర్నాడు మధ్యాహ్నం మంజులమ్మ డబ్బా విప్పలేదు. "కాలేజీ లేదు, గీలేజీ లేదు. ఆదివారం దీన్ని చూసేదానికి వస్తారు. పెండ్లి చేసి పంపిస్తా" అంది. మీనా తల వంచుకుని కూర్చుంది.

కెంపమ్మ అన్నం చేయి కడుక్కుంది. "మంజులా, పిల్లను అడిగినావా?"

"అడిగేదేముంది? బెంచీ మీద కూర్చోలేదు కదా."

"బెంచీ ఏమన్నా డాక్టరా? చూడు మీనా, నేను తిట్టను. పరీక్ష చేసే పట్టీ తెస్తా. కడుపుంటే ఒక దారి చూస్తాము, లేకుంటే ఈళ్ల నోళ్లు మూయిస్తాము. ఏదైనా నీ పక్కనే ఉంటా."

"పట్టీ వద్దు కెంపక్కా" అంది మీనా. "నాకు వచ్చింది. మునిరాజన్న మాట పడలేక బయటికి రాలేదు. మూడు దినాలూ లోపలే పూలు కోసినాను."

అందరి చేతులూ ఆగిపోయాయి. ఎందుకంటే ఆ వారమే షెడ్డులో బూజు తెగులు కనిపించింది. పాపం, ఆ పిల్ల ఇన్నాళ్లూ నోరు మెదపకపోవడానికి కారణం అదే. చెబితే తోట పాడుచేసిందంటారు, చెప్పకపోతే కడుపంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు ఆ పిల్లను దగ్గరకు తీసుకోవాలనిపించింది. మంజులమ్మ మాత్రం కూతురిని వదిలేసి షెడ్డు వైపు భయంగా చూసింది.

కెంపమ్మ లేచింది. "ఏ సాలులో కోసినావు?"

"నాలుగులో."

కెంపమ్మ తిన్నగా షెడ్డులోకి నడిచింది. మేమంతా వెంటపడ్డాం. నాలుగో సాలులో మొగ్గలు నిటారుగా, ఆకులు నిగనిగలాడుతూ ఉన్నాయి. కెంపమ్మ ఆకులు తిప్పి తిప్పి చూసింది. అక్కడి నుంచి బూజు పట్టిన ఏడో సాలుకు పోయింది. తెల్లగా పొడి చల్లినట్టున్న ఆకును తుంచి చాలాసేపు చేతిలో పట్టుకుంది. ఏడో సాలు ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు, అనే ధైర్యమే ఎవరికీ లేదు. చివరికి తనే అంది.

"ఏడో సాలు కోసేది నేను. నాకు ముట్లాగిపోయి ఎన్నో ఏండ్లయింది."

ముందు చిత్ర కిసుక్కుమంది. తరువాత అందరం. కెంపమ్మ మాత్రం నవ్వలేదు. "మా అత్త చెప్పింది విని ఇంతమందిని ఎండలో కూర్చోబెట్టినాను కదే" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు నేను చూశాను.

ఆ తరువాత తనే ఆ బెంచీని ఈడ్చుకుంటూ పోయి వ్యాను పక్కన పడేసింది. "మునిరాజప్పా, ఇంక నువ్వు కూర్చో. నీ వంతు" అంది. మునిరాజ్ మొహం కందగడ్డయింది. మంజులమ్మ కూతురి చేయి పట్టుకుని, ఆదివారం వచ్చేవాళ్లకు వద్దని చెప్పడానికి నా ఫోను అడిగింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు కెంపమ్మకు తెలియని ప్రశ్న వస్తే నర్సమ్మ దాకా పోవడం లేదు. కృష్ణగిరికి ఫోను చేసి స్పీకరులో పెట్టి, డబ్బాల మధ్య ఉంచుతుంది. "మీనా, ఈ పిల్లలు ఏందో అడుగుతా ఉండారు. నాకు తెలీదు, నువ్వు చెప్పమ్మా" అంటుంది. మీనా చెబుతుంటే అందరికంటే ముందుకు వంగి వినేది మంజులమ్మే.